దోర్నకలు బిషప్పు అజరయ్య

మౌలాలి స్టేషనునుండి తూర్పునకు సాగు ఇనుపదారి ఘట్‌కేసరు, భువనగిరి, జనగామ, కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదుల మీదుగా దోర్నకలు జంక్షనునకు పోవును. బెజవాడకు ప్రయాణము చేయు మన ప్రాంతమువారు ఎందరో ఆ దారినే పోవుచుందురు. దోర్నకలులో బండి ఆగునప్పుడు మంచినీళ్లు త్రాగి మరల బండి యెక్కినవారు పెక్కురు; ఆ యూరిలోనికి నడచి చూచినవారు కొలదిమంది. అచ్చట మీనారులును గుమ్మటములును గల యొక గొప్ప దేవాలయమున్నది. దాని సమీపముననే ఒక సమాధి యున్నది. ఆ సమాధియందు విశ్రమించుచున్న మహనీయుడు వేదనాయకము శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికను క్రైస్తవసంఘమునందు బిషప్పు పదవి నధిష్ఠించిన మొదటి భారతీయు డాయనయే.

మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున ఆయన చరిత్రమును స్మరించుటకు ఒక కారణము గలదు. గ్రంథమును చదువుట యొకటి. చదివినదానిని దినచర్యలోనికి దించుట మరియొకటి. ఈ రెంటికి నడుమనున్న దూరము ఎంతటిదో గ్రంథాలయములకు వచ్చిపోవు మనకు తెలియనిది కాదు. అజరయ్య తన జీవితమంతయు ఒక్క గ్రంథమును చేతబట్టి, ఆ దూరమును దాటుటకై శ్రమించెను. ఆయన బోధించినవారిలో అత్యధికులు అక్షరము నెరుగనివారు. కావున ఈ చరిత్రము క్రైస్తవులకే కాక, చదువు జీవితమున కుపయోగపడవలెనని కోరు వారందరికిని పనికివచ్చునది.

బాల్యము, విద్య

1874వ సంవత్సరమున నిజాము రాజ్యమునకు మొదటి రైలుదారి వాడినుండి సికింద్రాబాదువరకు వచ్చినది. ఆ యేడాదియే ఆగస్టు 17వ తేదీన తమిళదేశమునందలి తిరునెల్వేలి సీమలో, వెళ్లాలన్‌విళై అను చిన్న పల్లెయందు అజరయ్య జన్మించెను. తండ్రి తామస్ వేదనాయకము ఆ గ్రామసంఘమునకు గురువు. తల్లి పేరు ఎల్లెన్. వారిది నాడారు కులము. ఆ కాలమున ఆ కులమువారిలో పెక్కురు తాటిచెట్లెక్కి కల్లు దించి, బెల్లము వండి జీవించువారు. దేవాలయప్రవేశము మొదలగు హక్కులు లేక, పై కులములవారి చేత అవమానములు పొందుచుండిరి. తక్కువవాడని యెంచబడుట యెట్లుండునో అజరయ్య పుస్తకములలో చదివి తెలిసికొన్నవాడు కాడు.

తలిదండ్రులు చిరకాలము నిరీక్షించిన మీదట ఈ కుమారుడు కలిగెను. బైబిలునందు హన్నా యను స్త్రీ బిడ్డకొరకు దేవుని వేడుకొని, పుట్టిన కుమారునకు సమూయేలని పేరిడి, దేవుని సేవకే వాని నప్పగించినట్లు కథ యున్నది. ఆ పేరే ఈ బాలునకును వచ్చెను. బాల్యమునందే తండ్రి గతించెను. తల్లి భక్తురాలు, కఠిననియమము గలది. ప్రొద్దుట లేచి ప్రార్థన చేయుట, కాలము వ్యర్థపుచ్చకుండుట, చెప్పిన మాట నిలుపుకొనుట అనునవి ఇంటియందే అలవడినవి.

పాళయంకోటలోను, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలోను ఆయన చదివెను. గణితశాస్త్రము ఆయన అభిమానవిషయము. పట్టపరీక్షకు పోవలసిన తరుణమున జబ్బుపడి పరీక్షకు కూర్చుండలేకపోయెను. మరల పరీక్షకు పోయియుండవచ్చును. బి.ఏ. పట్టమున్నచో సర్కారు కొలువు చేతికి దొరకు దినము లవి. అయినను ఆయన ఆ దారిని విడిచి, 1895లో యువజన క్రైస్తవసంఘమున ప్రచారకుడుగా చేరెను. పట్టము లేకపోయినదని తరువాత ఎన్నడును విచారించినట్లు కానరాదు. ఆ పట్టములేనివానికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు బిరుద మొసంగిరి.

1898లో అన్బు మరియమ్మాళ్ అను విదుషితో ఆయనకు వివాహమయ్యెను. దక్షిణదేశమున కళాశాలచదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకతె. కట్నము లేదు, ఆడంబరము లేదు. వివాహమునకై అప్పులు చేసి తరములపాటు వడ్డీలు కట్టుచున్న కుటుంబములను ఆయన కన్నులార చూచియుండెను. తాను కట్నము తీసికొని, ఇతరులకు కట్నము తప్పని బోధించుట ఆయనకు సరిపడలేదు. ఇదియే ఆయన నడవడికి మూలసూత్రము: బోధకు ముందు ఆచరణము.

ఇతరులను పంపినవాడు తానే వెళ్లుట

యువజనసంఘపు పనిమీద ఆయన దక్షిణదేశమంతట తిరుగుచుండెను. 1896లో అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అను యువకునితో ఆయనకు గాఢమైన స్నేహ మేర్పడెను. తెల్లవారును నల్లవారును ఒకే బల్లయొద్ద కూర్చుండి భుజించుట అరుదైన ఆ దినములలో, వారిరువురు కలిసి ప్రయాణము చేసిరి, కలిసి పనిచేసిరి.

1902లో అజరయ్య సింహళద్వీపమందలి యాళ్పాణమునకు పోయెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంతధనముతో ఇతర ప్రాంతములకు బోధకులను పంపుచుండిరి. ఇది చూచి ఆయన సిగ్గుపడెను. తిరునెల్వేలి క్రైస్తవులు సంఖ్యలోను సంపదలోను వారికి తీసిపోరు. అయినను పరదేశముల మిషనరీల వైపు చేయిచాచుట తప్ప, తమంతట తాము ఏ కార్యమును తలపెట్టలేదు. తిరిగి వచ్చి, మిత్రులను కూడగట్టి, 1903వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలి ఇండియను మిషనరీ సంఘమును స్థాపించెను. భారతీయుల మనుష్యులు, భారతీయుల ధనము, భారతీయుల యాజమాన్యము — ఈ మూడే దాని నియమములు. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపురమున, విలియము కేరీ పేరిట వెలసిన గ్రంథాలయమునందే, సకలభారతమునకు సంబంధించిన నేషనల్ మిషనరీ సంఘము ప్రారంభమయ్యెను. దాని స్థాపకులలోను అజరయ్య ముఖ్యుడు.

తిరునెల్వేలి సంఘమువారు నిజాము రాజ్యమందలి తెలుగుసీమను తమ పనిస్థలముగా ఎన్నుకొనిరి. తమిళులకు అది పరదేశమే. భాష వేరు, ప్రభుత్వము వేరు. యువకులను అచ్చటికి పొండని అజరయ్య ఊరూర ప్రసంగించుచుండెను. ఇట్లుండగా ఒక ప్రశ్న ఆయనను వేధింపసాగెను. ఎవరు పోవుదురని దేవుడు అడుగగా, నేనున్నానని యెషయా ప్రవక్త తన్ను తానే అప్పగించుకొనెను గాని, మరియొకనిని వేలితో చూపలేదు. ఇతరులను పొమ్మనుచున్న నేను ఇచ్చట ఏల ఉండవలెను? ఈ ప్రశ్నకు ఒక్కటే సమాధానము గలదు. దేశమంతట పేరుపొందిన కార్యదర్శి పదవిని వదలి, 1909లో గురుపట్టము పొంది, ముప్పదియైదేండ్ల వయస్సున ఆయన దోర్నకలు చేరెను.

నాటి దోర్నకలు సింగరేణి బొగ్గుగనులకు శాఖామార్గము చీలుచోట నున్న చిన్న ఊరు. చుట్టును అడవి. ఆయన పసిబాలునివలె అ, ఆ లు దిద్ది తెలుగు నేర్చుకొనవలసివచ్చెను. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము 1905లోను వెలసినవి. చదువుకొన్న తెలుగువారు తమ భాషను నిలుపుకొనుటకై నగరములలో గ్రంథాలయములు కట్టుచున్న ఆ సంవత్సరములలోనే, ఆ గ్రంథాలయముల గడప ఎన్నడును త్రొక్కజాలని మాల మాదిగ పేటలకు ఒక తమిళుడు తెలుగు నేర్చుకొని నడచి పోవుచుండెను.

స్నేహమును కోరిన ప్రసంగము

1910వ సంవత్సరము జూనులో స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. పన్నెండువందలమంది ప్రతినిధులు వచ్చిరి. ఆసియావాసులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. అజరయ్య అచ్చట విదేశ మిషనరీలకును దేశీయులైన పనివారికిని గల సంబంధమును గూర్చి మాటలాడెను. మిషనరీల త్యాగమును ఆయన కాదనలేదు. వారు ఆస్తి నిచ్చిరి, దేహములను అరగదీసికొనిరి. కాని తమ యింటికి పిలిచి, సమానునిగా కూర్చుండబెట్టుకొని, మనసిచ్చి మాటలాడువారు తక్కువని చెప్పెను. సమస్తమును దానము చేసినను ప్రేమ లేనిచో వ్యర్థమని పౌలు కొరింథీయులకు వ్రాసిన పాఠమును వారికే అప్పగించి, మాకు స్నేహితులు కావలెనని వేడుకొనెను.

సభలో కొందరికి కోపము వచ్చెను. కొందరు తలలు వంచుకొనిరి. నాడు ఆయన పదవి గల బిషప్పు కాడు. గురుపట్టము పొంది ఏడాదియైనను నిండనివాడు. అధికారము గలవారి యెదుట వారి గ్రంథములోని మాటనే తీసి, వినయముతోను నిర్భయముతోను వారి ముందుంచుట సామాన్యమైన ధైర్యము కాదు. ఆ సభలోని ప్రసంగములలో నేటికిని లోకము జ్ఞాపకముంచుకొన్నవానిలో అది మొదటిది.

రెండేండ్లు గడచెను. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దొర, భారతీయుడు బిషప్పు కావలెనని పట్టుపట్టెను. దీనికి ఆటంకములు రెండువైపులనుండి వచ్చెను. నల్లవాని క్రింద తెల్ల గురువులు పనిచేయుట యెట్లని దొరలలో కొందరు శంకించిరి. తనవాడే పెద్దవాడగుట సహింపలేని స్వదేశీయులును లేకపోలేదు. చివరకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయమున అజరయ్య దోర్నకలు బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. మొదట ఆయన అధికారము కొలదిపాటి ప్రదేశముమీదనే. 1920 ప్రాంతమున బందరు, ఏలూరు, బెజవాడ మొదలగు కృష్ణా మండల సంఘములును, తరువాత నంద్యాల సీమయు చేరి, ఆ చిన్న మండలము విశాలమయ్యెను. ఆంగ్లేయ గురువులు ఆయన క్రింద పనిచేసిరి. శంకించినవారి శంకలు ఆయన నడవడివలననే తొలగినవి.

అక్షరము రానివారి గ్రంథము

ఆయన వద్దకు వచ్చినవారు ఎట్టివారు? పగలంతయు దొరల పొలములలో వెట్టి చేసి, రాత్రి గంజి త్రాగి పండుకొనువారు. అప్పునకు జీతముండి, ఆ అప్పును కొడుకునకు వారసత్వముగా విడిచిపోవువారు. ఊరిబావిలో నీరు తోడుకొనుటకు హక్కు లేనివారు. వీరి చేతిలో పుస్తకముంచిన నేమి ప్రయోజనము?

అజరయ్య కనుగొన్న మార్గము ఇది. ప్రతి పేటలో ఒక ఉపాధ్యాయుడుండును. కూలివారు పొలమునుండి వచ్చిన మీదట దీపము వెలిగించి అందరును కూడుదురు. పాటయు, ప్రార్థనయు, బైబిలునుండి యొక కథయు జరుగును. చదువ రానివారు కథను కంఠస్థము చేయుదురు. పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాసప్రమాణము నోటికి రావలెను. బిషప్పు ఎద్దుబండిలోనో నడకనో వచ్చినప్పుడు వారి నడుమ కూర్చుండి, అడిగి, పరీక్షించి, సంతసించును. నోటికి వచ్చినంతమాత్రమున ఆయన తృప్తిపడువాడు కాడు. అది నడతలోనికి వచ్చినదా యని చూచువాడు.

నాలుగు దయ్యములు పల్లెను పట్టి పీడించుచున్నవని ఆయన చెప్పుచుండెను: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. పేటను ఊడ్చుకొనుట, పశువులను ఇంటినుండి వేరుగా కట్టుట, పండుగకును పెండ్లికిని అప్పు చేయకుండుట, కల్లుదుకాణమును మరచుట — ఇవి భక్తికి వెలుపలి విషయములు కావు, ఇవియే భక్తి యని ఆయన బోధ. ఏసు రోగులను స్వస్థపరచిన కథ విన్నవాడు తన యింటిముందు మురికిగుంటను పూడ్చకున్నచో ఆ కథ విననివానితో సమానుడే. వైద్యశాలలు, పరపతి సంఘములు, బాలికల పాఠశాల, చేతిపనుల పాఠశాల, ముద్రణాలయము ఆ మండలమున వెలసినవి.

దానము విషయమున ఆయన బోధ మరింత విచిత్రమైనది. బీదవారివద్ద ఏమున్నదని అడుగరాదని తోటి పనివారు అనుకొనెడివారు. అజరయ్య ఇందుకు ఒప్పుకొనలేదు. పేద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసులను ఏసు ధనవంతుల కానుకలకంటె ఎక్కువగా ఎంచెను గదా! బీదవానిని ఇచ్చుటనుండి తప్పించుట వానిని గౌరవించుట కాదు, వాని మనుష్యత్వమును తగ్గించుట. కావున ప్రతి గృహిణియు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయవలెనని నేర్పెను. వారాంతమున ఆ పిడికెళ్లు కూడి సంఘమునకు వచ్చును. కోతలకాలమున ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు దేవాలయమునకు వచ్చును. ఎన్నడును పుచ్చుకొనుటయే తప్ప ఇచ్చుట యెరుగని జనము, ఇచ్చువారి వరుసలో నిలువబడినది. ఈ విషయమున ఆయన ఆంగ్లమున వ్రాసిన క్రైస్తవ దానమను చిన్న గ్రంథము ఇతర భాషలలోనికిని అనువదింపబడెను.

బాప్తిస్మము పొందినవారి విషయమున ఒక ఆచారము నేర్పరచెను. ప్రతివాడును తన చేతిని తన తలమీద పెట్టుకొని, బాప్తిస్మము పొందిన నేను సువార్తను ప్రకటింపనిచో నాకు శ్రమ యని చెప్పవలెను. పౌలు తన్నుగూర్చి చెప్పుకొన్న మాటను, పాలేరును కూలిదియు తమదిగా చెప్పుకొనిరి. ప్రతి సంవత్సరము ఒక వారము సాక్ష్యవారముగా ఏర్పాటయ్యెను. ఆ వారము పండితులు ప్రసంగించుట కాదు. అక్షరము రాని కూలివారే గుంపులుగా పొరుగు గ్రామములకు పోయి, పాటలు పాడి, తమ బ్రతుకు మారిన విధమును చెప్పుట. నాయకత్వమనగా ఒక్కడు ముందు నడువ మిగిలినవారు వెంట పోవుట కాదనియు, వెనుకనున్నవానిని ముందునకు తెచ్చుటయే నాయకత్వమనియు ఆయన ఎరిగినవాడు.

గురువులను తయారుచేయుటలోను ఈ సూత్రమే. గురుత్వమునకు చదువువారితోబాటు వారి భార్యలకును చదువు చెప్పించెను. పల్లెకు పోయి ఒక కుటుంబము ఎట్లు జీవింపవలెనో చూపువారు ఇరువురును గదా యని ఆయన తలంపు. ఈ కార్యమున అన్బమ్మగారు ముందుండి నడపిరి. ఎద్దుబండి ప్రయాణములయందు ఆమెయు భర్తతో కూడ తిరిగి, స్త్రీల సమావేశములు జరపిరి. కొలదిమందితో ఆరంభమైన దేశీయ గురువుల సంఖ్య ఆయన కాలముననే నూటికి పైబడినది. 1941 నాటికి మండలమునందలి క్రైస్తవులు రెండు లక్షలకు మించిరి.

ఇరుగుపొరుగు చూచిన మార్పు

1930వ సంవత్సర ప్రాంతమునుండి ఒక వింత జరిగెను. మాల మాదిగ పేటలలో త్రాగుడు తగ్గుట, కాపురములు చక్కబడుట, పిల్లలు బడికి పోవుట చూచి, పై కులములలోని రైతుకుటుంబములును కొన్ని సంఘమున చేరసాగెను. ఏ బోధకుని వాదనయు చేయలేని పనిని పొరుగువాని నడత చేసినది.

అంతయు జయమే యని చెప్పిన అసత్యమగును. మాలలకును మాదిగలకును నడుమనున్న ఎడబాటు బాప్తిస్మపు నీటితో కరగిపోలేదు. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రనుండి త్రాగుటకు సందేహించినవారు గలరు. అజరయ్య ఈ విషయమున లొంగలేదు. ఒకే పాత్ర, ఒకే పంక్తి యని పట్టుపట్టెను. అయినను ఆ పోరాటము ఆయన జీవితకాలమున ముగియలేదు. జనము వచ్చిన వేగమున బోధ సాగలేదు. ఆయన క్రమశిక్షణ కఠినమని నొచ్చుకొన్నవారును ఉండిరి. ఇంగ్లండు సంఘపు ప్రార్థనాక్రమమునందు ఆయనకు గల ప్రీతి కొందరు దేశాభిమానులకు రుచింపలేదు.

మహాత్మాగాంధీకిని ఆయనకును 1930ల నడుమ తీవ్రమైన అభిప్రాయభేద మేర్పడెను. ఎవరి మతమున వారు ఉండి మేలు పొందవలెననియు, హరిజనులను గుంపులుగా మతము మార్చుట తగదనియు గాంధీజీ తలచెను. బీదవానికిని, చదువురానివానికిని తన ఆత్మవిషయమున తానే నిర్ణయించుకొను హక్కు గలదని అజరయ్య తలచెను. ఇరువురును అస్పృశ్యతను ద్వేషించినవారే. ఇరువురును పల్లెను నమ్మినవారే. పారిశుద్ధ్యమును, మద్యనిషేధమును ఇరువురును ప్రార్థనతో సమానముగా ఎంచినవారే. అట్టివారు ఒక విషయమున ఏకీభవింపలేకపోవుట చరిత్రలో బాధాకరమైన సంగతి. ఎవరిది సరి యని తీర్పు చెప్పుట ఈ వ్యాసమున మన పని కాదు.

అయితే ఒకటి గమనింపవలెను. కొత్త రాజ్యాంగమునందు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చునప్పుడు, తనవారికి లాభము కలుగునని అజరయ్య సంతోషింపలేదు, వ్యతిరేకించెను. వేరుగా ఓటు వేసికొను సంఘము పొరుగువారికి ఉప్పుగా నుండజాలదు, గోడవలె నిలిచిపోవునని ఆయన భయము. తనవారికి వచ్చు లాభమును తానే వలదనిన నాయకులు ఏ కాలమునందైనను కొలదిమందియే.

దేవాలయము, ఐక్యత

దోర్నకలు దేవాలయమును కట్టుటకు సుమారు పాతికేండ్లు పట్టెను.  1939 జనవరి 6వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. దానిని చూచినవారికి ఇంగ్లండులోని కోవెలలు జ్ఞప్తికి రావు. గుమ్మటములు, మీనారులు మసీదులను తలపించును. చెక్కిన రాతిస్తంభములు దక్షిణదేశపు దేవాలయములను తలపించును. మౌలాలి గుట్టమీది దర్గాను ప్రతిదినము చూచు మనకు ఆ మీనారులు పరాయివిగా తోచవు. ఇచ్చటి మట్టిలో పుట్టిన భక్తి ఇచ్చటి రూపమునే ధరింపవలెనని ఆయన ఆశయము.

క్రైస్తవులు ఇంగ్లీషువారనియు, అమెరికావారనియు, స్కాట్లండువారనియు శాఖలుగా చీలి, ఆ చీలికలను మన పల్లెలకు దిగుమతి చేయుట ఆయనకు అసహ్యము. ఒక పేటలో బాప్తిస్మము పొందినవాడు ప్రక్క పేటలో పరాయివాడగుట యేమి న్యాయము? 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పదిముగ్గురు సమావేశమైరి. ఇద్దరు తప్ప అందరును భారతీయులే. దక్షిణభారత సంఘముల ఐక్యతకు అచ్చటనే బీజము పడెను. అజరయ్య ఆ కార్యమునకై ఇరువదియైదేండ్లు తిరిగెను, వ్రాసెను, వాదించెను, ఓర్చుకొనెను. 1929నుండి దేశమందలి జాతీయ క్రైస్తవ సమాలోచనసభకు అధ్యక్షుడుగా నుండెను. ఆ స్థానమున కూర్చుండిన మొదటి భారతీయుడు ఆయనయే.

1945 జనవరి 1వ తేదీన, లోకమంతట యుద్ధము సాగుచుండగా, డెబ్బదియవ యేట ఆయన దోర్నకలులోనే కన్నుమూసెను. తాను కట్టించిన దేవాలయపు ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి. ఆయన ఆశించిన ఐక్యత ఆయన చూడలేదు. మోషే వాగ్దానదేశమును దూరమునుండి చూచి కొండమీదనే మరణించినట్లు, ఆయనయు ఆ గడపయొద్దనే ఆగిపోయెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన నెలదినములు దాటిన పిదప, మద్రాసులో దక్షిణభారత సంఘము ఆవిర్భవించెను.

మనకు మిగిలినది

ఈ చరిత్రమునుండి గ్రహింపదగిన దేమి? అజరయ్య గొప్ప పండితుడు కాడు, పట్టమైనను లేదు. ఆయన వ్రాసిన గ్రంథములు చిన్నవి. ఆయన బిషప్పు పదవి వలన గొప్పవాడు కాలేదు. బైబిలులో ఒక పాఠము చదివినప్పుడు ఈ దినము నేనేమి చేయవలెనని అడుగుట ఆయన అలవాటు. పౌలు మాట చదివి దొరలను స్నేహమడిగెను. యెషయా కథ చదివి తానే తెలుగుదేశమునకు బయలుదేరెను. విధవరాలి కాసుల కథ చదివి పిడికెడు బియ్యపు కుండను ప్రతి యింటి వంటయింట పెట్టించెను. పెద్ద నిర్ణయములు కూడ ఇట్టి చిన్న నిర్ణయముల అభ్యాసమువలననే ఆయనకు సాధ్యమైనవి. కట్నము పుచ్చుకొనకుండ పెండ్లాడినవాడే, ముప్పదేండ్ల తరువాత తనవారికి వచ్చు ప్రత్యేకలాభమును నిరాకరింపగలిగెను.

గ్రంథాలయమునందలి పుస్తకములు అలమరలలో నుండగా కాగితములే. చదువరి నోటికి వచ్చినప్పుడు మాటలగును. చదువరి యింటి గడప దాటి, వంటయింటిలోనికి, అంగడిలోనికి, అప్పుపత్రములోనికి, పొరుగువానితో కూర్చుండు పంక్తిలోనికి వచ్చినప్పుడు మాత్రమే అవి గ్రంథములగును. అజరయ్య ఒక గ్రంథమును అట్లు చేసి చూపెను. ఎవరికి ఏది పూజ్యగ్రంథమో వారు దానిని అట్లు చేయవచ్చును. చదువరానివారిని తోడు తీసికొనిపోవుటయు మరువరాదు. ఎందుకనగా ఆయన సాక్ష్యవారమున ముందు నడచినవారు వారే.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇకమీద దోర్నకలుమీదుగా ప్రయాణము చేయు మన సభ్యులెవరైనను, వీలున్నచో, బండి దిగి ఆ మీనారుల నీడన ఒక క్షణము నిలువుదురు గాక. తిరిగి వచ్చి, తాము చదివిన పుస్తకములలో ఒక్కదానినైనను తమ యింటిలో ఆచరణలో పెట్టుదురు గాక. అంతకు మించిన రజతోత్సవము మన గ్రంథాలయమునకు లేదు.